అమ్మ రాసిన ‘లగ్గం’ తప్పా?

పేరు వెయ్యొద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. మొత్తం ఆరు పేజీలు. ఇక్కడ కుదించి చెబుతున్నాను.

ఆమెకు నలభై దాటాయి. బ్యాంకులో ఉద్యోగం, హైదరాబాద్‌లో కాపురం. తొమ్మిది నెలల కిందట అమ్మ పోయింది. నాలుగో తరగతితో చదువు ఆగిపోయిన ఆ తల్లి చివరి ఆరేళ్లలో మూడు నోటుపుస్తకాలు నింపింది. కైకిలికి (కూలిపనికి) పోయిన రోజులు, కరువులు, అత్తగారి పోరు, పిల్లల లగ్గాలు, అన్నీ రాసుకుంది. సంవత్సరీకం నాటికి వాటిని చిన్న పుస్తకంగా వేసి చుట్టాలకూ ఊరివాళ్లకూ పంచాలని అన్నాచెల్లెళ్లిద్దరూ అనుకున్నారు. అన్న ఆమె కన్నా పదకొండేళ్లు పెద్ద, హైస్కూల్లో తెలుగు పండితుడు. టైపు చేయించే పని ఆయన తీసుకున్నాడు.

మొదటి అరవై పేజీలు చేతికి వచ్చాక ఆమెకు కడుపు మండింది. లగ్గం ‘వివాహం’ అయింది. యాది ‘జ్ఞాపకం’ అయింది. దవాఖాన ‘వైద్యశాల’, పరేషాన్ ‘ఆందోళన’, ఒచ్చిండు ‘వచ్చాడు’ అయ్యాయి. అమ్మ రాసింది ఇది: “మొగులైంది. నాట్లకు పోయినోళ్లం మళ్లి ఒచ్చినం.” అన్న చేతిలో అది “ఆకాశం మేఘావృతమైనందున నాట్లు వేయడానికి వెళ్లిన మేము తిరిగి వచ్చాము” అని తేలింది. ఫోన్ చేసి అడిగితే ఆయన అన్న మాట: “ఇవి తెలుగు మాటలే కావు. ఇట్లా అచ్చేస్తే అమ్మను చూసి నవ్వుతరు.” ఈమె “నీకు అమ్మంటేనే సిగ్గు” అనేసింది. ఆయన ఫోన్ పెట్టేశాడు. నెల దాటింది, మాటల్లేవు.

ఇంతవరకే అయితే జవాబు తేలిక. కానీ ఆమె నిజాయితీగా ఇంకో సంగతి కూడా రాసింది. అమ్మ రాతల్లో పొలంలో తనతో పాటు పనిచేసిన ఒకామెను ప్రతిచోటా కులం పేరు పెట్టి ‘...ది’ అని రాసింది. పక్కింట్లో చిన్న వయసులో భర్త పోయిన ఒకామెను ఐదారు చోట్ల ‘ముండ’ అంది. ఆ పక్కింటామె ఇప్పటికీ ఊళ్లోనే ఉంది, పుస్తకం ఆమె ఇంటికీ వెళ్తుంది. ఈ మాటలు తీసేయాలని చెల్లెలు అంటే అన్న ఒకటే ప్రశ్న వేశాడట: “నేను దిద్దితే తప్పు, నువ్వు తీసేస్తే ఒప్పా?” దానికి తన దగ్గర జవాబు లేదంటోంది. “భాషలో ఉండటానికి తగని మాటలంటూ ఉంటాయా? ఉంటే అవి ఏవో చెప్పేదెవరు? నేను ఆ పేజీలు వాపసు పంపాలా, ఆయన పద్ధతికి ఒప్పుకోవాలా?” అని అడిగింది. చివర్లో రెండు వాక్యాలు: మూడో నోటుపుస్తకంలో ఒక మాట తనకు అసలు అర్థం కాలేదని, అది రాతలో తప్పో వాడుకలోని మాటో తెలియట్లేదని.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ అన్న వేసిన ప్రశ్న బాగా పదునైనది. దాన్ని తప్పించుకోకుండా చివరికి అక్కడికే వస్తాను. ముందు ఆయన దిద్దుబాట్ల సంగతి చూద్దాం, ఎందుకంటే ఆయన ‘తెలుగు కాదు’ అని కొట్టేసిన మాటల్లో కొన్ని ఆయన పెట్టిన మాటల కన్నా ఎక్కువ తెలుగువి.

‘మొగులు’ తీసుకోండి. మేఘానికి మొగులు, మొగిలు అనేవి పాత తెలుగు మాటలు, నిఘంటువుల్లో ఉన్నాయి. వాడుకలో చాలా జిల్లాల వాళ్లు పోగొట్టుకున్నారు, మీ అమ్మ పోగొట్టుకోలేదు. దాని స్థానంలో వచ్చిన ‘మేఘావృతం’ మొత్తం సంస్కృతం. ‘లగ్గం’ సంగతి ఇంకా తమాషా. లగ్నం నుంచి లగ్గం ఎలా వచ్చిందో, అగ్ని నుంచి అగ్గి అలాగే వచ్చింది. అగ్గిని తద్భవం అని మీ అన్న క్లాసులో పాఠం చెప్పే ఉంటాడు. ఒకే దారిలో వచ్చిన ఇద్దరిలో ఒకరిని లోపలికి పిలిచి, రెండోవారిని గుమ్మం బయట నిలబెట్టడం ఎందుకు?

ఇక దవాఖాన. అవును, అది అరబ్బీ, పారశీకాల మీదుగా ఉర్దూలోంచి వచ్చింది. కోస్తా వైపు వాళ్లు అనే ‘ఆస్పత్రి’ యూరప్ నుంచి ఓడెక్కి వచ్చింది. ‘వైద్యశాల’ సంస్కృతం నుంచి తెచ్చుకున్నది. మూడూ బయటి నుంచి వచ్చినవే. ఒక అతిథిని పంపించి ఇంకో అతిథిని కూర్చోబెట్టి, ఇప్పుడు ఇంట్లో అందరూ మనవాళ్లే అంటే ఎలా? బయటి మాటలన్నీ వద్దనుకుంటే కాగితం, కలం, జవాబు, ఖర్చు, హక్కు, జిల్లా కూడా పోతాయి. సబ్బు, ఇస్త్రీ పోర్చుగీసు వాళ్లతో వచ్చినవి. అంతెందుకు, ‘రైతు’ అన్న మాటే అరబ్బీ మూలం నుంచి వచ్చింది. మీ అమ్మ బతుకంతా పొలంలో గడిచింది కదా. ఆమె పుస్తకంలోంచి రైతును తీసెయ్యమని మీ అన్న కూడా అనడు.

అన్నిటికన్నా నాకు ఆసక్తిగా అనిపించింది ‘ఒచ్చిండు’ను ‘వచ్చాడు’గా మార్చడం. ఇక్కడ కాస్త ఆగుతాను. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. లక్షణానికి, అంటే వ్యాకరణానికి విరుద్ధమైన భాష గ్రామ్యం అని అందులో ఒక సూత్రం. ఆ లక్షణం దేని మీద కట్టారు? పాత కవులు వాడిన భాష మీద. అంటే కవులు వాడింది సాధువు (ఒప్పు), వాళ్లు వాడని రూపాలు చాలావరకు గ్రామ్యం. ఆ కొలతతో చూస్తే ‘వచ్చెను’, ‘వచ్చినాడు’ నిలుస్తాయి. ‘వచ్చాడు’ నిలవదు! తర్వాత యాభై అరవై ఏళ్లకు, 1910ల్లో, బడి పిల్లలు వాడుక భాషలో వ్యాసం రాయొచ్చా అన్న దాని మీద మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు పండితులు రెండుగా చీలిపోయారు. వాడుక భాష వైపు గిడుగు రామమూర్తి, గ్రాంథికం (పాత పుస్తకాల భాష) వైపు జయంతి రామయ్య. అప్పుడు గొడవంతా ‘వచ్చాడు’, ‘చేస్తాను’ లాంటి మాటల మీదే. ఇవి పామర రూపాలు, అచ్చుకెక్కితే భాష చెడిపోతుంది అన్నారు రెండో వర్గం వాళ్లు. గిడుగు వాళ్లకు నీతులు చెప్పి ఊరుకోలేదు. గ్రాంథికం రాస్తున్నామని చెప్పుకునే పండితుల రాతల్లోంచే తప్పులు ఏరి ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’ అని పుస్తకమే వేశారు. ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం జరుపుకునేది ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29నే.

అంటే మీ అన్న ఇప్పుడు ఏ రూపం సాధువని మీ అమ్మ రాతలో పెడుతున్నాడో, అది వందేళ్ల కిందట మీ అమ్మ మాట ఉన్నచోటే, బయటే నిలబడి ఉంది. ‘వచ్చినాడు’ లాంటి పాత రూపమే ఒకచోట వచ్చాడు అయింది, ఇంకోచోట ఒచ్చిండు అయింది. ఒకటి ముందు పత్రికల్లోకీ పాఠ్యపుస్తకాల్లోకీ ఎక్కింది, రెండోది ఎక్కలేదు. రెండిటికీ ఉన్న తేడా అంతే. మరీ పాతకాలపు కొలతే కావాలంటే మీ అమ్మ పెండ్లి, పండ్లు అనే రాసి ఉంటుంది, చూడండి. కోస్తావాళ్ల పెళ్లి, పళ్లు కన్నా అవే పాత రూపాలు. (నేను కోస్తావాణ్ణే. ఈ ఒక్క విషయంలో ఓడిపోయినా నాకు బాధ లేదు.)

సి.పి. బ్రౌన్ చేసిన ఒక పని నాకు ఇక్కడ గుర్తొస్తుంది. ఆయన 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వేశాడు. రెండేళ్లకు, 1854లో, ‘మిశ్రభాషా నిఘంటువు’ అని మరో పుస్తకం వేశాడు. తెలుగువాళ్లు వాడే పరాయి మాటలూ మిశ్రమ మాటలూ అందులో పెట్టాడు. వేరే పుస్తకంలో పెట్టడం ఒక రకంగా పంక్తి వేరు చేయడమే అనొచ్చు. కానీ వాటిని వదిలేయలేదు. ఆ మాటలు తెలియకపోతే తెలుగువాళ్ల లెక్కాపత్రాలు అర్థం కావని ఆయనకు తెలుసు. తర్వాత 1962లో భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వచ్చింది, వ్యవసాయం మాటలతో. జిల్లా జిల్లా తిరిగి రైతుల్నీ కూలీల్నీ అడిగి సేకరించిన మాటలు అవి. మీ అమ్మ లాంటి వాళ్లు అక్కడ భాషకు సాక్షులు. మీ అన్నకు ఈ పుస్తకం దొరికితే చూపించండి. వాదనకు కాదు, ఆయనకు నచ్చుతుందని.

ఇప్పుడు మీ అన్న గురించి. మీ ఉత్తరంలో ఒక వాక్యం మీరు దాటుకుంటూ పోయారు. ఆయన ఇంటర్ చదవడానికి హాస్టల్‌కు వెళ్లినప్పుడు మాట తీరు చూసి తోటి పిల్లలు ఏడాదంతా ఎగతాళి చేశారని, ఆ తర్వాతే ఆయన తెలుగు మీద పట్టుబట్టి చదివాడని రాశారు. నాకు ఉత్తరమంతా అక్కడే ఉంది అనిపించింది. ఆయన తెలుగు పండితుడైంది ఆ నవ్వుకు జవాబుగానే. ఇప్పుడు అమ్మ అచ్చులోకి వస్తోంది. ఆ నవ్వు అమ్మ మీద పడుతుందేమోనని ఆయన భయం. ఆయన తన చేతనైన ఆయుధంతో అమ్మకు కాపలా కాస్తున్నాడు. “నీకు అమ్మంటే సిగ్గు” అన్న మాట ఆయనకు ఎక్కడ తగిలిందో ఊహించగలను. దాన్ని మీరు వెనక్కి తీసుకోవాలి. దిద్దుబాట్లకు ఒప్పుకోమని కాదు, అది వేరే సంగతి.

అక్షర దోషాలు మాత్రం ఇద్దరూ కలిసి సరిచేయొచ్చు. ఒకే మాట రెండు పేజీల్లో రెండు రకాలుగా ఉంటే, ఒత్తు జారిపోతే, అమ్మే మళ్లీ చదివి ఉంటే దిద్దేదే. దీని మీద గొడవ అక్కర్లేదు.

ఇక అసలు ముడి. “నేను దిద్దితే తప్పు, నువ్వు తీసేస్తే ఒప్పా?”

సూటిగా చెప్పాలంటే, రెండూ ఒకటి కావు, కానీ మీరు అనుకున్నంత వేరు కూడా కావు. మీ అన్న మాటను తీసేస్తోంది అది ఎవరి నోట్లోంచి వచ్చిందో చూసి. మీరు తీసేయాలనుకుంటోంది అది ఎవరికి తగులుతుందో చూసి. నా లెక్కలో రెండోదే సరైన కొలత. ‘ముండ’ పుట్టుకలో ఏ దోషమూ లేదు. గొరిగించిన తల అని అర్థమిచ్చే సంస్కృత పదం. మీ అన్న పద్ధతి ప్రకారం చూస్తే లగ్గం కన్నా, దవాఖాన కన్నా దీనికే శుద్ధమైన వంశం! కానీ భర్త పోయిన ఆడదాని తల గొరిగించే ఆచారం ఆ మాటను పట్టుకుంది, తర్వాత అది తిట్టయి కూర్చుంది. పుట్టుక మాటకు మంచీ తేదు, చెడ్డా తేదు. ఉల్టా కూడా జరుగుతుంది. గాంధీ గౌరవంగా వాడుకలోకి తెచ్చిన ‘హరిజన’ను ఇప్పుడు ఆ వర్గాలవాళ్లే వద్దంటున్నారు. మాట మారలేదు. దాని కింద నిలబడాల్సిన మనుషులు తమకు అది ఎలా తగులుతుందో చెప్పారు. 2023లో సుప్రీంకోర్టు ఆడవాళ్ల గురించి తీర్పుల్లోనూ వాదనల్లోనూ ఏ మాటలు వాడకూడదో, బదులుగా ఏవి వాడాలో చెబుతూ ఒక చేతిపుస్తకం వెలువరించింది. అక్కడ కొలత వ్యాకరణం కాదు. ఎస్సీ, ఎస్టీలు కానివాళ్లు ఆ వర్గాల మనిషిని కులం పేరుతో నలుగురిలో అవమానిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద అది నేరం. అక్కడ కూడా మాట ఏ భాషదని ఎవరూ అడగరు.

మీ ప్రశ్నకు నా అభిప్రాయం ఇదీ: భాషలో ఉండటానికి తగని మాట అంటూ నాకు కనిపించలేదు. తిట్లు కూడా భాషే, నిఘంటువులో ఉండాల్సిందే, లేకపోతే ఎవరు ఎవరిని ఏమన్నారో రేపటివాళ్లకు తెలియదు. కానీ ఫలానా చోట, ఫలానా మనిషి ముందు వాడటానికి తగని మాటలు చాలా ఉన్నాయి. పాత ఆలంకారికులు (కావ్యశాస్త్రం రాసినవాళ్లు) కూడా గ్రామ్యాన్నీ అశ్లీలాన్నీ కావ్యదోషాలుగా లెక్కపెట్టారు, అంటే అవి వాడిన చోటికి సంబంధించినవి. తక్కువ స్థాయి పాత్రల నోట గ్రామ్యం దోషం కాదు, గుణమే అని కూడా వాళ్లే అన్నారు. వాళ్లు ఎవర్ని తక్కువ అన్నారో నాకు నచ్చదు, కానీ మాట్లాడే మనిషిని బట్టి మాటను చూడాలన్న పాయింటు మీ అన్న చదివిన శాస్త్రంలోనే ఉంది.

అయితే మీరూ ఒకటి ఒప్పుకోవాలి. ఆ మాటలు తీసేయడంలో పక్కింటామె మీద దయ ఎంత ఉందో, అమ్మ అలా అనకుండా ఉంటే బాగుండేదన్న కోరిక కూడా అంతే ఉంది. అన్న అమ్మ మాటతీరును కడుగుతున్నాడు, మీరు అమ్మ మనసును కడగాలనుకుంటున్నారు. చడీచప్పుడు లేకుండా తీసేస్తే, తోటి కూలీని కులం పేరుతో పిలవని ఒక అమ్మ పుస్తకంలో మిగులుతుంది. ఆమె మీ అమ్మ కాదు. ఆ కూలి మనిషి పిల్లలకు ఆ సంగతి తెలుసు కూడా.

అందుకని మీ ముందున్న దారులు, వాటి ఖర్చు చెబుతాను.

అన్న దిద్దినట్టే వేయొచ్చు. అన్నతో మాటలు కలుస్తాయి, పట్నంలోని మనవలు తడబడకుండా చదువుతారు. కానీ అది మీ అన్న రాసిన పుస్తకం అవుతుంది. నాట్ల దగ్గర్నుంచి వానకు మళ్లి వచ్చిన మనిషి ‘మేఘావృతం’ అనదు. చదివిన ఊరివాళ్లకు ఆ గొంతు గుర్తుపట్టరాదు. మీరు జీవితాంతం ఆ పుస్తకం తెరవరేమో కూడా.

ఒక్క అక్షరం ముట్టకుండా వేయొచ్చు. నిజాయితీ ఉంది. కానీ పక్కింటామె సంవత్సరీకానికి వచ్చి, భోజనం చేసి, పుస్తకం చేతపట్టుకుని ఇంటికెళ్లి, తన గురించి చదువుతుంది. రాసినామె లేదు, తిరిగి అడగడానికి. పంచింది మీరు. పరిశోధకుల కోసం వేసే పుస్తకమైతే నేను వేరేగా చెప్పేవాణ్ణి. మీరు ఇంటింటికీ ఇస్తున్నారు.

అమ్మ భాషను అమ్మ భాషగానే ఉంచి, వెనక ఒక పదకోశం వేయొచ్చు. నాకు ఎక్కువ నచ్చిన దారి ఇదే, ఒక షరతు మీద: ఆ పదకోశం రాసేది మీ అన్నే కావాలి. మొగులుకు పాత రూపం ఏది, లగ్గం ఎలా వచ్చింది, దవాఖాన ఏ భాషల్లోంచి నడిచి వచ్చింది, ఇవన్నీ ఆయన రాస్తే అమ్మను చూసి నవ్వేవాళ్లకు ఆయన చదువే అడ్డం నిలబడుతుంది. ఆయనకు కావాల్సిందీ అదే కదా. కష్టం ఏమిటంటే పని పెరుగుతుంది, మీకు మూడు నెలలే ఉన్నాయి. సంవత్సరీకానికి మొదటి నోటుపుస్తకం మాత్రమే వేసినా తప్పులేదు. ఆయన ఒప్పుకోకపోనూవచ్చు. అప్పుడు పదకోశం మీరు రాయండి, కానీ ఆయనకు చూపించకుండా అచ్చుకు పంపకండి.

తిట్ల విషయంలో ఈ దారిలోనూ ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు. కులం పేరు వచ్చినచోట ఆ మనిషి సొంత పేరు పెట్టొచ్చు, పేరు మీ ఇద్దరిలో ఎవరికైనా తెలిస్తే. తెలియకపోతే అది కూడా మీకు ఒక సమాచారమే. ‘ముండ’ ఉన్నచోట మూడు చుక్కలు పెట్టొచ్చు. ఏం చేసినా ముందుమాటలో ఒక వాక్యం రాయండి: కొన్నిచోట్ల మనుషుల్ని నొప్పించే మాటలు ఉన్నాయి, అవి అమ్మ రాసినవే, వాటిని మేం మార్చాం, అసలు నోటుపుస్తకాలు మా దగ్గర ఉన్నాయి అని. ఆ వాక్యం ఉంటే మీరు దాచినట్టు కాదు. మీ అన్నకు ఇవ్వాల్సిన జవాబు కూడా అదే: నేను తీసేశానని చెప్పి తీస్తున్నాను, నువ్వు చెప్పకుండా మార్చావు.

పక్కింటామెను ముందే వెళ్లి కలవాలా అనేది మీకు వదిలేస్తాను. కొందరికి అలా అడగడం గౌరవం, కొందరికి పాత పుండు రేపడం. మీ అన్నకు ఆమె గురించి మీకన్నా ఎక్కువ తెలిసి ఉంటుంది. మూడు నోటుపుస్తకాలూ పేజీ పేజీ ఫొటోలు తీసి ఇద్దరి దగ్గరా ఉంచుకోవడం మాత్రం ఈ వారమే చేయండి, పుస్తకం ఎలా వేసినా సరే.

ఆ పేజీలు వాపసు పంపాలా అని అడిగారు. ఇప్పుడే పంపకండి. మీకు అర్థం కాని మాట ఒకటుందన్నారు. మీ కన్నా పదకొండేళ్లు ముందు పుట్టిన మనిషి ఆ ఇంట్లో అమ్మ మాటలు మీకన్నా పదకొండేళ్లు ఎక్కువ విన్నాడు. ఆ పేజీ ఫొటో తీసి మీ అన్నకు పంపండి. కింద ఇంకేం రాయకండి, “అన్నా, ఇదేం మాట?” అని అడగండి.